ఇటు తిరిగిన ఆసనం

ప్రయాణమనగానే ఎవరికైనా గమ్యం గుర్తుకు వస్తుంది. తాము కూర్చున్న ఆసనం ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో గుర్తుండదు. మాకు మాత్రం బాల్యం నుండి మిగిలిన జ్ఞాపకం అదే. మా తండ్రిగారు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేశారు. సెలవు దినాలలో ఆయన నడిపే గుంటూరు - మాచర్ల బస్సులో అమ్మగారు, అన్నగారు, మేము ఆయన వెనుక సీటులో కూర్చునేవారం. ఖాకీ చొక్కా వీపు, మెడకు చుట్టిన చేతిరుమాలు, అద్దంలో అప్పుడప్పుడు కనిపించే రెండు కళ్లు, ఇంతే మేమెరిగిన తండ్రి. బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదని అక్కడ రాసి ఉండేది. మేము అక్షరాలు కూడబలుక్కుని చదివిన తొలి వాక్యాలలో అదొకటి.

2023 వేసవి సెలవులలో తండ్రిగారిని వెంటబెట్టుకుని, ఉద్యోగరీత్యా జర్మనీలోని హానోవర్ నగరంలో స్థిరపడిన అన్నగారి ఇంటికి వెళ్లాము. అమ్మగారు 2021లో కన్నుమూసిన నాటి నుండి తండ్రిగారు మితభాషి అయిపోయారు. అన్నగారి పెరటిలో ఒక పాత వాహనం మా కోసం ఎదురుచూస్తున్నది. అది 1985లో తయారైన ఫోక్స్‌వాగన్ టి-3 వ్యాను. దానిని సంచార గృహంగా మలచుకోవాలన్నది అన్నగారి సంకల్పం. వెనుక పడక అప్పటికే అమరింది. భోజనానికి ఒక బల్ల, లోపలివైపు తిరిగే రెండు ముందు కుర్చీలు మాత్రం మిగిలాయి.

ఈ వాహన వంశానికి చిత్రమైన చరిత్ర ఉన్నది. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వ్యాపారి తన జేబు పుస్తకంలో ఒక పెట్టె బొమ్మ గీసి, ఇంజను వెనుక, మనుషులో సరుకో ముందు ఉండేలా ఊహించాడు. 1950లో ఆ బండి ఉత్పత్తి మొదలయింది. 1951లో వీడెన్‌బ్రూక్ పట్టణానికి చెందిన వెస్ట్‌ఫాలియా కర్మాగారం దానిలో ఇమిడే సామగ్రిని చేసి, ఇంటివారు అందులోనే వండుకొని పడుకొనే ఏర్పాటు కల్పించింది. 1956 నుండి ఈ వ్యాన్లు హానోవర్‌లోనే తయారయ్యాయి. 1979లో వచ్చిన మూడవ తరానికి చెందినది మా అన్నగారి బండి. అనగా అది పుట్టిన ఊరిలోనే తిరిగి ప్రాణం పోసుకుంటున్నది.

తిరిగే కుర్చీ మాట వినగానే తండ్రిగారు పెదవి విరిచారు. "బండి నడిపేవాడి కుర్చీ రోడ్డు వైపే ఉండాలి బేటా. గుండ్రంగా తిరిగే కుర్చీ మంగలి షాపులో ఉంటుంది" అన్నారు. అయినను చాప వేసుకుని బండి పక్కనే కూర్చున్నారు.

మొదటి పొరపాటు మాదే. బల్ల పెద్దదైతే సుఖమని తలచి, తేలికైన ప్లైవుడ్ పలకను కొలత చూడక వెడల్పుగా కోశాము. కుర్చీ తిప్పి చూడగా మోకాళ్లు బల్ల అంచుకు కొట్టుకున్నాయి. రెండవసారి అట్టముక్కతో నమూనా కత్తిరించి, కుర్చీ తిరిగే వలయమంతా సరిచూసి, మూలలను గుండ్రంగా చెక్కి బల్ల సిద్ధం చేశాము. దానికి ఒకే కాలు, ఉక్కు గొట్టం. నేలలో బిగించిన గుంతలో ఆ గొట్టం నిలబడుతుంది. పనికాగానే ఊడదీసి పడక కింద దాచవచ్చును.

ఆ గుంత కోసం అన్నగారు డ్రిల్లు మిషను నేలకు ఆనించారు.

"కింద చూశావా?" అన్నారు తండ్రిగారు.

"లేదబ్బా."

"పైనుంచి పొడిచేవాడు ముందు కింద చూడాలి."

ఆయన చాపను బండి కిందికి లాగి, దానిపై వెల్లకిలా పడుకుని వేలితో చూపించారు. ముందు ఇరుసుకు వెనుకగా పెట్రోలు ట్యాంకు ఉన్నది. ఇంజను వెనుక, రేడియేటరు ముందు ఉండుటచేత నీటి గొట్టాలు బండి పొడవునా నేల కిందనే సాగుతున్నాయి. మేము గుర్తుపెట్టిన చోటు సరిగ్గా ఒక గొట్టానికి పైన ఉన్నది. గుర్తును జానెడు పక్కకు జరిపాము. రంధ్రం అంచుకు తుప్పు పట్టకుండా రంగు పూయమని చెప్పింది కూడ ఆయనే.

కుర్చీల పని సులభమే గాని బాధ్యత పెద్దది. ఆసనాన్ని పట్టాల నుండి జార్చి తీసి, దాని కింద తిరుగుడు పళ్లేన్ని బోల్టులతో బిగించాలి. అక్కడ ఆసనాల బిగింపు మార్చేవారు ఆమోదపత్రం గల భాగాన్నే వాడి తనిఖీ చేయించుకోవాలి. బండి నడిచేటప్పుడు కుర్చీ ముందుకే తిరిగి, గొళ్లెం పడి ఉండాలి. డ్రైవరు కుర్చీకి మరొక చిక్కు ఉన్నది. పక్కనే పైకి లేచి ఉండే హ్యాండ్ బ్రేకును దింపనిదే అది తిరగదు. "బ్రేకు వదిలి వెనక్కి తిరగడమా!" అని తండ్రిగారు నివ్వెరపోయారు. ముప్పది రెండేళ్లు ఆయన చేయనిది సరిగ్గా అదే.

ఆ ఆదివారం స్టైన్‌హూడర్ మేర్ అనే సరస్సు దగ్గరకు వెళ్లాము. బండి ఆపగానే తండ్రిగారు దిగి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డుచెక్కలు పెట్టి, కాలితో తన్ని చూశారు. ఆ పిమ్మట డ్రైవరు కుర్చీలో కూర్చున్నారు. అన్నగారు బ్రేకు దింపి, తలుపు కొద్దిగా తెరచి, కుర్చీని మెల్లగా తిప్పారు. పళ్లెం ఎత్తువల్ల ఆయన పాదాలు నేలకు అందలేదు. ఒక చెక్కపెట్టె వేశాము. బల్లపై చాయ్, రొట్టెలు పెట్టాము. ఆయన మా ఎదుట ఉన్నారు. ఎటు చూడాలో తెలియక కొంతసేపు బల్ల అంచునే తడిమారు.

"మాచర్ల బస్సులో మీ అమ్మ మీకేదో చెబుతుండేది. మీరు నవ్వేవాళ్లు. ఇంజను మోతలో ఒక్క మాట వినపడేది కాదు. దిగాక అడుగుదామనుకునేవాణ్ణి. డిపోలో బండి అప్పజెప్పి వచ్చేసరికి మీరు నిద్రపోయేవాళ్లు. ఏం చెప్పేదిరా?"

మేమూ అన్నగారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అమ్మ చెప్పినది ఆయన గురించే. "చూడండి, ఇప్పుడు మీ అబ్బ హారను కొడతారు" అనేది. మరుక్షణం హారను మోగేది. మేము నవ్వేవారం. ఏ మలుపు వద్ద ఏమి చేస్తారో ఆమెకు కంఠస్థం.

తండ్రిగారు చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది. "ఎక్కడెక్కడ చెప్పేది?" అని అడిగారు. పిడుగురాళ్ల దాటాక అని మేమన్నాము. "కాదు, సత్తెనపల్లి దాటాకే మొదలు" అని దిద్ది, ఊరు వెంట ఊరు, మలుపు వెంట మలుపు, చీకటి పడేదాకా చెప్పారు. గుంటూరు తిరిగి వచ్చాక కూడ ఆ మాటలు ఆగలేదు.

ఈ సంచిక చదివే మా విద్యార్థులలో డ్రైవర్ల బిడ్డలు ఉన్నారు. కుట్టుమిషను మీదికి, కొలిమి మీదికి వంగిన వీపులనే చూస్తూ పెరిగినవారూ ఉన్నారు. వారికి మా మనవి ఒక్కటే. మేము ఆ పని చేయడానికి సముద్రాలు దాటి, బోల్టులు బిగించవలసి వచ్చింది. మీ ఇంటి కుర్చీలు ఈ సాయంత్రమే తిరుగుతాయి. అడగవలసినవారిని అడగవలసిన మాట ఇవాళే అడగండి.