పొట్లపువ్వు దాకా

ఒడోమాస్ వాసన ఎక్కడ తగిలినా నాకు ఆకాశం గుర్తొస్తుంది. దోమల మందుకీ ఆకాశానికీ ఏం సంబంధమని మా ఆవిడ నవ్వుతుంది. 2001 నవంబరు 18, ఆదివారం రాత్రి, మా డాబా మీద నవారు మంచంలో, మోచేతుల దాకా ఆ మందు పులుముకుని వెల్లకిలా పడుకున్న పదిహేడేళ్ల కుర్రాణ్ని అడిగితే చెప్పేవాడు.

ఆ రాత్రి గురించి ఇరవై ఏళ్లపాటు ఒక కథ చెప్పుకుంటూ వచ్చాను. నడిరాత్రి తూర్పున కొబ్బరిచెట్ల తలల మీంచి ఒక పచ్చటి గీత లేచింది. లేచింది అనే అంటాను, ఎందుకంటే అది రాలలేదు. నెత్తిమీదుగా ఆకాశమంతా అడ్డంగా సాగి, మా ఊరి మంచినీళ్ల ట్యాంకు మీదుగా పడమటికి దిగిపోయింది. అది పోయాక కూడా దాని దారి కాసేపు సన్నటి పొగలా వేలాడి, మెల్లగా వంకర తిరిగి కరిగిపోయింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో మరిచిపోలేని సంఘటన చెప్పమంటే ఇదే చెప్పాను. పెళ్లి కుదిరాక ఫోన్లో ఇదే చెప్పాను. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచి లెక్కలేనన్నిసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ పొగ ఇంకొంచెంసేపు వేలాడేది.

చుక్కల పిచ్చి నాకు అంతకు మూడేళ్ల ముందే పట్టింది, దానికి తగ్గ శాస్తీ జరిగింది. 1998 నవంబరులో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సింహరాశి వైపు నుంచి ఉల్కలు వానలా కురుస్తాయని, ఈసారి అదృష్టం మన తూర్పు దేశాలదేనని పేపర్లలో వచ్చింది. నేను క్లాసంతా తిరిగి చాటింపు వేశాను. నా మాట నమ్మి నలుగురైదుగురు తెల్లవార్లూ మేలుకుని, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పెద్దపెద్ద అగ్నిగోళాలు వచ్చిన మాట నిజమే. కాకపోతే చెప్పిన వేళకి పదహారు గంటలు ముందే, వేరే దేశాల ఆకాశంలో వచ్చిపోయాయి. ఆ సంగతి నాకు తెలిసేసరికే నా పేరు 'చుక్కలోడు' అయిపోయింది. పదో తరగతి పరీక్షలైపోయే దాకా ఆ పేరు పోలేదు.

అందుకని 2001లో ఎవరికీ చెప్పలేదు. పేపరు ముక్క కత్తిరించి ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సు పుస్తకంలో దాచుకున్నాను. దీపావళి వెళ్లి నాలుగు రోజులే అయింది. బాణసంచా డబ్బాకు చుట్టిన ఎర్ర జిలెటిన్ కాగితం చించి, మూడు బ్యాటరీల టార్చిలైటు మూతికి రబ్బరుబ్యాండుతో బిగించాను. ఎర్ర వెలుగైతే చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరవని చదివాను. ఒక లాంగ్ నోట్‌బుక్కులో గళ్లు గీశాను: వేళ, దిక్కు, రంగు, వెలుగు. ఎంసెట్‌కి ఆ శ్రద్ధలో నాలుగో వంతు పెట్టి ఉంటే మా నాన్న ఎంత సంతోషించేవాడో.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంకో మనిషి ఉండేవాడు, మా పెదనాన్న కొడుకు. న్యూజెర్సీలో కంప్యూటరు ఉద్యోగం. దసరా ముందు వచ్చాడు. సెలవు మీద వచ్చాడని ఊళ్లో చెప్పుకున్నాం. పెదనాన్న వాళ్ల ఇంటికి పోయే వచ్చే చుట్టాలు ఎక్కువని మా ఇంట్లో ఉంటున్నాడు. ఎన్నాళ్ల సెలవో ఎవరూ అడగలేదు, అడగకూడదని అందరికీ తెలుసు. ఆ ఏడాది అలా వచ్చిన పిల్లలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. 'బెంచి మీద ఉన్నాడు' అనే మాటకి బడిలో శిక్ష కాక వేరే అర్థం ఉందని నాకు అప్పుడే తెలిసింది. అన్నయ్య పగలంతా పడుకుని రాత్రంతా మేలుకునేవాడు. ఇంకా అక్కడి టైములోనే ఉన్నాడని అమ్మ అనేది. వచ్చి రెండు నెలలైనా టైము మారకపోవడం ఏమిటని నాకు తోచలేదు. డాబా మీదకి వస్తావా అంటే దుప్పటి తీసుకుని వచ్చేశాడు, అంతే.

ఎక్కేముందు కింద జరిగింది మాత్రం నాకు బాగా గుర్తుంది, గుర్తులేకపోతే బాగుండేది. భోజనాల దగ్గర నాయనమ్మ నా నోట్‌బుక్కు చూసి ఏంటిరా అంది. చుక్కలు రాలతాయి నాయనమ్మా, గంటకి వందలు అన్నాను. "మళ్లీ స్కైలాబా?" అంది.

1979లో ఆకాశంలో తిరిగే స్కైలాబ్ మన నెత్తిన పడుతుందని ఊళ్లకి ఊళ్లు హడలిపోయిన సంగతి మా ఇంట్లో పండగ కథలా చెప్పుకునేవాళ్లు. ఇక బతకం కదా అని గంప కింద కోళ్లన్నీ కోసుకు తిన్నారట. తీరా చూస్తే అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. మర్నాడు ఊళ్లో గుడ్డుకి కూడా కరువొచ్చిందని నాయనమ్మ చెప్పేది.

నేను విసుక్కున్నాను. ఇవి చుక్కలు కావు, తోకచుక్క విదిలించిపోయిన దుమ్ము, ఇసుక రేణువంత ఉంటాయి అని పాఠం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు విని, "అన్ని రాలితే పైన ఏమన్నా మిగులుతాయంటావా?" అని అడిగింది. నేను పగలబడి నవ్వాను. అక్కడితో ఆగితే సరిపోయేది. "మిగలకపోతే నీకే కష్టం, రేపు ఉపవాసం ఎలా వదులుతావు?" అన్నాను. మర్నాడు కార్తీక సోమవారం. పగలంతా పచ్చి మంచినీళ్లతో ఉండి, సాయంత్రం చుక్క కనపడ్డాకే అన్నం ముట్టేది ఆవిడ. నా మాటకి నాన్న నవ్వాడు, అమ్మ నవ్వాపుకుంది. నాయనమ్మ కంచంలో మజ్జిగ కలుపుకుంటూ ఉండిపోయింది. తర్వాత, నేను చెప్పులేసుకుంటుంటే, రాలే చుక్క కంటపడితే ఏదైనా పువ్వు పేరు తలుచుకోమని మాత్రం చెప్పింది. అలా తలుచుకుంటే కీడు తగలదట. సరేలే అన్నాను.

డాబా మీద పదిన్నరకి చలి మొదలైంది. కోతకొచ్చిన వరి వాసన, దూరంగా ఎవరో ఆలస్యంగా కాలుస్తున్న తాటాకు టపాకాయలు. వీధిదీపం ఒకటి సరిగ్గా మా మొహాల మీద పడుతోంది. కరెంటు పోతే బాగుండని జన్మలో కోరుకున్నది ఆ ఒక్క రాత్రే. రోజూ పోయే కరెంటు ఆ రాత్రి పోలేదు. పేపర్లో చెప్పినట్టు మంచాన్ని తూర్పు వైపు చూసేలా తిప్పుకున్నాను. పిల్లలకోడి నడినెత్తికి వచ్చింది. తూర్పున ధగధగ వెలుగుతున్న గురుడు, ఇంకా పైకి శని. అన్నయ్య పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాబూల్ పడిపోయిందని టీవీలో చూసిన సంగతి ఏదో చెప్పాడు, అమెరికాలో తన గదిలో వదిలేసి వచ్చిన కుర్చీ గురించి ఏదో చెప్పాడు. ఆ కుర్చీ సంగతేమిటో ఎంత ప్రయత్నించినా గుర్తురావడం లేదు. పదకొండున్నర దాకా ఒక్క గీత లేదు.

ఆ తర్వాత ఆ గీత. నా కథలో ఐతే.

పొద్దున్న నా మొహం మీద ఎండ, దుప్పటి మీద మంచు తడి. కిందికి దిగేసరికి నాయనమ్మ తడిచీర ఆరేస్తోంది. నాలుగింటికే నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి కాలువకి వెళ్లి, తలమీద నీళ్లు పోసుకుని, అరటిదొప్పలో దీపం వదిలి వచ్చింది. ఆవిడ నాతో మాట్లాడలేదు. వంటింట్లో అమ్మతో చెబుతుంటే విన్నాను. గట్టు ఎక్కినప్పటి నుంచీ రాలుతూనే ఉన్నాయట. మల్లె అనుకుందట, జాజి అనుకుందట. బంతి, చామంతి, కనకాంబరం, నందివర్ధనం, గన్నేరు, సంపెంగ, పొగడ. నీళ్లల్లో దిగేసరికే పూలన్నీ అయిపోయాయి. చెప్పిన పేరు మళ్లీ చెప్పకూడదనుకుందో ఏమో, దొడ్లోకి వచ్చేసింది. గుమ్మడిపువ్వు, బీరపువ్వు, ఆనపపువ్వు. "ఆఖర్న పొట్లపువ్వు కూడా అయిపోయిందే అమ్మాయ్, ఇంక రాలకు తల్లీ అని దణ్ణం పెట్టా" అంది. అమ్మ పడీపడీ నవ్వింది. తోడు వచ్చినవాళ్లు తలెత్తకుండా కొంగు కప్పుకుని నడిచారట.

నన్నెందుకు లేపలేదని అరిచాను. "అవి చుక్కలు కావంటగా నాన్నా, దుమ్మంటగా" అంది. వెక్కిరింపుగా అనలేదు. అలా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తర్వాత్తర్వాత చదివితే లెక్క తెలిసింది. టెంపుల్-టటిల్ అనే తోకచుక్క 33 ఏళ్లకోసారి సూర్యుడి దగ్గరికి వస్తుంది. 1998 ఫిబ్రవరిలో వచ్చి వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ ఒక ధూళి దారి వదిలిపోతుంది. 2001లో భూమి అలాంటి దారుల్లోంచే నడిచింది. 1699లో ఒకసారి, 1866లో ఒకసారి రాల్చిపోయిన దుమ్ము ఆసియా వైపు ఆకాశంలో సెకనుకి 71 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి మండిపోయింది. ఉధృతం మన గడియారంలో రాత్రి పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. జపాన్‌లో అప్పటికి సింహరాశి ఆకాశంలో బాగా పైకి వచ్చేసింది, అక్కడి వాళ్లు నిజంగానే వాన చూశారు. మనకి అది అప్పుడే తూర్పు అంచున తల ఎత్తుతోంది. అలాంటప్పుడు వచ్చేవి కొన్నే, కానీ అవి గాలిపొరను పైపైన రాసుకుంటూ పోతాయి, చెరువు మీదకి ఏటవాలుగా విసిరిన పెంకులాగా. అందుకే అంత పొడుగ్గా సాగుతాయి, అడుగు నుంచి పైకి లేచినట్టు కనబడతాయి. నా కథ శాస్త్రానికి ఇలా అచ్చు గుద్దినట్టు సరిపోయేసరికి నాకు మరీ గర్వం వచ్చింది.

2023 డిసెంబరులో జెమినిడ్స్ ఉల్కలు చూడ్డానికి మా అమ్మాయిని వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకి తీసుకెళ్లాను. అమావాస్య దాటి రెండు రోజులు, మంచి చీకటి. అవి తోకచుక్క బిడ్డలు కావు, ఫేథన్ అనే గ్రహశకలం తాలూకువి, నెమ్మదిగా నడుస్తాయి. పిల్ల బాగానే చూసింది, నిద్రా బాగానే పోయింది. తిరిగొచ్చాక తను పెదనాన్నకి ఫోన్ చేసి, నాన్న చిన్నప్పుడు చూసినంత పెద్దది నాకు కనపడలేదు అని ఫిర్యాదు చేసింది. అన్నయ్య ఇప్పుడు డల్లస్‌లో ఉంటాడు. 2003లో మళ్లీ వెళ్లి స్థిరపడ్డాడు. స్పీకరులో పెట్టి ఉంది ఫోను.

"మీ నాన్న ఎక్కడ చూశాడమ్మా? గుర్రు పెట్టి నిద్రపోతుంటే" అన్నాడు.

నవ్వులాటకి అంటున్నాడనుకున్నాను. కాదు. పన్నెండు కాకముందే నేను నిద్రపోయానట. తూర్పు నుంచి ఆ పచ్చటిది లేచినప్పుడు నన్ను తట్టి లేపాడట, నేను తన్నానట. ఇంకా చాలా వచ్చాయట. ఎన్ని అని అడిగాను. "లెక్కపెట్టలేదురా చిన్నా. అప్పట్లో నేను లెక్కపెట్టుకునేవి వేరే ఉండేవి" అన్నాడు. పొద్దున పంపు దగ్గర పళ్లు తోముకుంటూ అంతా నాకు వివరంగా చెప్పాడట, ఆ పొగ వంకర తిరగడంతో సహా. నేను కోపంతో నురగ ఉమ్మి లోపలికి పోయానట.

వారం రోజులు ఒప్పుకోలేదు. తర్వాత ఒకనాడు ట్రాఫిక్‌లో కూర్చుని ఉండగా ట్యాంకు గుర్తొచ్చింది. మా ట్యాంకు డాబాకి పడమట. నేను మంచాన్ని తూర్పుకి తిప్పుకున్నాను. పడుకున్నవాడికి అది వెనకాల, మెట్లగది గోడ చాటున. గీత ట్యాంకు మీదుగా దిగడం ఆ మంచంలోంచి కనపడే వీలు లేదు. పిట్టగోడ మీంచి కనపడుతుంది.

నోట్‌బుక్కు ఉంటే తేలిపోయేది. గళ్లలో ఏమైనా రాశానో లేదో చూసేవాణ్ని. ఇల్లు అమ్మినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి పోయింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ పచ్చటి గీత నాకు కనపడుతూనే ఉంది, పక్కనే ఎర్ర టార్చిలైటుతో సహా. అన్నయ్య చూసిన దానిలో టార్చిలైటు లేదు. అది మాత్రం నేను కలిపినట్టున్నాను.

ఆ సోమవారం సాయంత్రం సంగతి ఒకటి ఉంది, ఇది ఎవరూ చెప్పగా విన్నది కాదు. నాయనమ్మ దీపం పెట్టి వాకిట్లోకి వచ్చింది. ఆవిడ మీద ఇంకా కోపంగానే ఉన్నాను, అరుగు మీద కూర్చుని ఉన్నాను. పడమట సన్నటి నెలవంక. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు తల ఎత్తి చూసింది. రోజూ ఒక చుక్క చాలు ఆవిడకి, ఆ రోజు ఇంకా ఇంకా చూసింది, అటు తిరిగి, ఇటు తిరిగి.

"ఉన్నాయిరా, అన్నీ ఉన్నాయి" అంది.

కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి అన్నం పెట్టమంది.