నాయనమ్మ ఏడుపు, మాస్టోడాన్ పాట

మా తాత పోయిన రోజు నేను ఏడవలేదు. పైగా ఏడుస్తున్న నాయనమ్మను ఊకోమన్నాను. అది తప్పని నాకు తెలిసింది ఇంట్లో వాళ్లు చెప్తే కాదు, అమెరికా వాళ్ల పాటలు వింటే. నమ్మబుద్ధి కాకపోయినా నిజం. అందుకే రాస్తున్నాను.

మాది సోలాపూర్. మా తాత వాళ్ల నాయన కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని కోసం ఇక్కడికి వచ్చాడట. అప్పటి నుంచి మాకు ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. తాత నలభై ఏళ్లు పవర్‌లూమ్ కార్ఖానాలో చాదర్లు నేశాడు. నాయనమ్మ ఇప్పటికీ బీడీలు చేస్తుంది. మా ఇంటి గోడకు అవతలి పక్కే కార్ఖానా. ఆ చప్పుడు లేకపోతే మాకు నిద్ర పట్టదు. తాత అన్నం తింటూ తింటూ చెవి అటు పెట్టి, "మూడో సాంచ ఆగింది, పోగు తెగినట్టుంది" అనేవాడు. మాకు అంతా ఒకటే గోల. ఆయనకు మాత్రం దేనికదే వినిపించేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వానాకాలంలో తాత పోయాడు. చాలా రోజులుగా ఊపిరి ఆడక బాధపడ్డాడు. వాకిట్లో వేప చెట్టు కింద పడుకోబెట్టారు. నాయనమ్మ ఆయన తల దగ్గర కూర్చుని రాగం తీసి ఏడ్చింది. మా పెద్దవాళ్ల ఏడుపు ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. అది ఉత్త ఏడుపు కాదు. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన రోజు నుంచి ఆయన పెట్టిన సుఖం, పెట్టిన కష్టం, ఇద్దరికీ అయిన కొట్లాటలు, తీర్చని అప్పు, అన్నీ వరసగా చెప్తూ ఏడ్చింది. "ఊరందరికీ చాదర్లు నేస్తివి, నాకు చలి పెడితే కప్పేటోళ్లు ఎవరయ్యా" అంది.

అప్పుడే నా ట్యూషన్ స్నేహితులు ఇద్దరు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లు మరాఠీ పిల్లలు. నాయనమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపిస్తోంది. నాకు సిగ్గేసింది. దగ్గరికి పోయి చెవిలో అన్నాను, "నాయనమ్మా, ఊకో. అందరూ చూస్తున్నరు."

ఆమె నా మొహం చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అంతే. పదో రోజు దినాల దాకా ఒక్క మాట కూడా పైకి రాలేదు. "ముసలమ్మకు ధైర్యం ఎక్కువ" అని చుట్టాలు మెచ్చుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. తర్వాత నెలలు గడిచినా ఆమె చాట ముందు పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చునేది తప్ప ఎవరితోనూ మాట్లాడేది కాదు.

దీపావళికి మా పెద్దబాపు కొడుకు పుణె నుంచి వచ్చాడు. అన్న అక్కడ ఇంజనీరింగ్ చదువుతూ గిటార్ నేర్చుకుంటున్నాడు. హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టి ఒక పాట వినిపించాడు. నేను వెంటనే తీసేసి, "ఇది పాటనా, కార్ఖానానా?" అన్నాను. అన్న నవ్వి, "కార్ఖానా పక్కన పుట్టినదానివి, నీకే బాగా అర్థమవుతది, మొత్తం విను" అన్నాడు.

ఆ బ్యాండ్ పేరు మాస్టోడాన్. ఏనుగును పోలిన, ఎప్పుడో అంతరించిపోయిన జంతువు పేరది. 2000లో అట్లాంటా నగరంలో నలుగురు కలిసి మొదలుపెట్టారు. వాళ్లది ప్రోగ్రెసివ్ మెటల్. అంటే గిటార్లు, డ్రమ్ములు చాలా గట్టిగా ఉంటాయి కానీ దారి తిన్నగా ఉండదు. నాలుగు దెబ్బల తాళం నడుస్తూ నడుస్తూ ఐదుకో ఏడుకో మారుతుంది. గోల మధ్యలో సన్నని రాగం వచ్చి మళ్లీ మునిగిపోతుంది. అన్న నాకు వినిపించినది 2021 అక్టోబర్‌లో వచ్చిన 'హష్డ్ అండ్ గ్రిమ్' అనే ఆల్బమ్. 15 పాటలు, దాదాపు 86 నిమిషాలు. పాటలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి. ఆ విషయం చావు, దుఃఖం.

దాని వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆయన నిక్ జాన్, ఎన్నో ఏళ్లు ఈ బ్యాండ్‌కు మేనేజర్. క్లోమానికి క్యాన్సర్ వచ్చి 2018 సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆయనకు లెడ్ జెపెలిన్ బ్యాండ్ అంటే ప్రాణం. అందుకని ఆయన అంత్యక్రియల్లో మాస్టోడాన్ వాళ్లు లెడ్ జెపెలిన్ పాట 'స్టెయిర్‌వే టు హెవెన్' వాయించారు. మరుసటి ఏడాది దాన్నే రికార్డుగా తెచ్చి, వచ్చిన డబ్బును ఆ జబ్బు మీద జరిగే పరిశోధనకు ఇచ్చారు. అయినా వాళ్ల దుఃఖం తీరలేదు. ఆయన పోయిన మూడేళ్లకు ఈ పెద్ద ఆల్బమ్ వచ్చింది.

డ్రమ్ములు వాయించే బ్రాన్ డేలర్ దీనికి ఒక ఊహ అల్లాడు. మనిషి పోయాక ప్రాణం ఒక చెట్టు లోపలికి చేరుతుంది. అక్కడే ఉండి ఋతువులన్నీ చూస్తూ, ఈ లోకానికి మెల్లగా వీడ్కోలు చెప్తుంది. అన్న ఈ మాట చెప్పినప్పుడు నాకు వాకిట్లోని వేప చెట్టు గుర్తొచ్చింది. మనలో కూడా పోయినవాళ్ల ప్రయాణం ఒక ఏడాది అంటారు కదా. నెల నెలా మాసికం పెట్టి, ఏడాదికి సంవత్సరీకం చేస్తారు. అంటే వానలు, చలి, ఎండలు అన్నీ ఒకసారి తిరిగి రావాలన్నమాట. పది రోజుల్లో అయిపోయే పని కాదని మన పెద్దలకూ తెలుసు. నేనే నాయనమ్మకు పది నిమిషాలు కూడా ఇవ్వలేదు.

తర్వాత రోజుకు మూడు నాలుగు పాటలుగా ఆల్బమ్ అంతా విన్నాను. ఇంగ్లీషు మాటలకు డిక్షనరీ చూసుకున్నాను. మొదట పేరులోని 'హష్డ్' అనే మాటే వెతికాను. చప్పుడు చేయకుండా ఆగినది, నోరు మూసుకున్నది అని ఉంది. పుస్తకం మూసేశాను. ఆ పని నేను చేసిందే కదా. కానీ వీళ్లు అలాంటి పేరు పెట్టుకుని 86 నిమిషాలు నోరు మూయలేదు.

ఇందులో 'హ్యాడ్ ఇట్ ఆల్' అనే పాట నాకు అన్నిటికంటే ఇష్టం. మిగతావాటి కంటే మెల్లగా నడుస్తుంది. దీంట్లో ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాద్యాన్ని వాయించింది బ్యాండ్‌లో పాడే ట్రాయ్ శాండర్స్ వాళ్ల అమ్మ. గిటార్ సోలో వాయించింది సౌండ్‌గార్డెన్ బ్యాండ్‌కు చెందిన కిమ్ థాయిల్. ఆయన తల్లిదండ్రులు కేరళ వాళ్లు. ఆయన కూడా 2017లో తన బ్యాండ్ గాయకుడు క్రిస్ కార్నెల్‌ను పోగొట్టుకున్నాడు. అంటే స్నేహితుడు పోయినవాళ్లు, స్నేహితుడు పోయిన ఇంకొకర్ని, కన్న తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చేసిన పాట. మా వాకిట్లో ఆ రోజు నాయనమ్మ చుట్టూ కూర్చుని గొంతు కలిపిన ఆడవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో పోయినవాళ్లను కూడా తలుచుకుని ఏడుస్తున్నారని నాకు అప్పుడు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. కాసేపు విని మొహం చిట్లించింది. "ఏం గోల బిడ్డా ఇది? ఎవలన్న సచ్చిపోయిండ్రా వాళ్లకు?" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఒక్క మాట అర్థం కాకుండానే ఆమెకు అసలు సంగతి తెలిసిపోయింది. కార్ఖానా గోలలో తాతకు తెగిన పోగు తెలిసినట్టే.

"అవును, వాళ్ల దోస్తు" అన్నాను.

"మంచిగనే ఏడుస్తున్నరు" అని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి మళ్లీ ఆకు అందుకుంది.

అప్పుడు అన్నాను, "నాయనమ్మా, ఆ రోజు నిన్ను ఊకోమన్న. తప్పు చేసిన." ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "చిన్నపిల్లవు, నీకేం తెలుసు" అంది చివరికి. కళ్లు మాత్రం తుడుచుకుంది.

సంవత్సరీకం నాడు తాత ఫోటోకు దండ వేసి దీపం పెట్టాక, నాయనమ్మ మళ్లీ రాగం తీసింది. ఏడాది క్రితం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకున్నట్టు అనిపించింది. ఈసారి గేటు దగ్గర ఎవరున్నారో నేను చూడలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తాత తన టిఫిన్ డబ్బాలోంచి నాకు దాచి తెచ్చే బెల్లం ముక్క సంగతి కూడా ఆమె ఏడుపులో వచ్చింది. అది ఆమెకు తెలుసని నాకు తెలియదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు, 2025 ఆగస్టులో, అన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఆల్బమ్‌లో గిటార్ వాయించి పాడిన బ్రెంట్ హైండ్స్ అట్లాంటాలో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయాడట. ఆ ఏడాది మొదట్లోనే ఆయన బ్యాండ్ నుంచి విడిపోయాడు. వాళ్లతో ఆయన చేసిన చివరి ఆల్బమ్ ఇదే. స్నేహితుడి కోసం ఏడ్చినవాడి కోసం ఇప్పుడు మిగతావాళ్లు ఏడుస్తున్నారు. ఆ రాత్రి 'హ్యాడ్ ఇట్ ఆల్' మళ్లీ విన్నాను.

ఈ సంగీతం మీ అందరికీ నచ్చాలని చెప్పను. మా నాయనమ్మకే నచ్చలేదు. మీ ఇంట్లో ఎవరైనా గట్టిగా ఏడుస్తుంటే మాత్రం ఊకోమనకండి. పక్కన కూర్చోండి, ఏం చెప్తున్నారో వినండి.

మా వేప చెట్టు ఈ ఏడు కూడా బాగా పూసింది. నాయనమ్మ ఇప్పుడు చాట తీసుకుని దాని కిందే కూర్చుంటోంది.