పదునొకండుగురి యెంపిక

ఫుట్‌బాలు ఆటలో ఒక్కొక్క జట్టునకు మైదానమున నిలుచువారు పదునొకండుగురు మాత్రమే. కాని ఆ పదునొకండుగురను ఎన్నువారికి మాత్రము లెక్క లేదు. లీగు మ్యాచి ఇంక వారము దినములున్నదనగా, బుద్ధి యెరిగిన తరువాత ఒక్కసారియైన బంతిని తన్ని యెరుగనివారు సైతము జట్టును కూర్చుటకు ముందునకు వత్తురు. ఎవనిని నిలుపవలయును, ఎవనిని తీయవలయును, ఎవనిని ఎడమ ప్రక్కకు పంపవలయును అను విషయములలో వారికి గల నిశ్చయము, ఏండ్లకొలది ఆట నేర్పినవారికైనను ఉండదు. ఈ వాదములు వినుట మాకు చాల కాలముగా నొక వేడుక. ఈ సంవత్సరము అది వేడుకతో ముగియలేదు. విద్యార్థులును, వారి తలిదండ్రులును, మా సహోపాధ్యాయులును ఆలోచింపదగిన విషయ మిందు కొంత కలదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాంపౌండులో ఈ సభ కూడుచోటు మైదానమునకు పడమటి యంచున నున్న చింతచెట్టు నీడ. దానికి అధ్యక్షుడు లేడు, తీర్మానముల పుస్తకము లేదు. సాయంకాలము చివరి గంట కొట్టిన పిమ్మట హాస్టలు విద్యార్థులు, పిల్లలను ఇంటికి తీసికొనిపోవ వచ్చిన తండ్రులు, మిషను ఆసుపత్రిలో పనిచేసి విశ్రాంతి గైకొన్న కంపౌండరుగారు, గేటు కావలివాడు, హాస్టలు వంటవాడు ఒకరి వెనుక నొకరు అచ్చట చేరుదురు. పిల్లలలో కొందరు రాత్రి ప్రొద్దుపోవు వరకు టెలివిజనులో ఇంగ్లండు, స్పెయిను దేశముల లీగు మ్యాచీలు చూచి వచ్చి, వెనుక నలుగురు, నడుమ ముగ్గురు, ముందు ముగ్గురు నిలువవలెనని నేలపై పుల్లతో గీతలు గీచి చూపుదురు. కంపౌండరుగారు ఆ గీతలను చెప్పుకాలితో చెరిపి, "మా కాలములో ముందు అయిదుగురు పరుగెత్తేవారు. గోలు కొట్టేవాడు లేని జట్టు దీపము లేని గుడి" అందురు. చీకటి పడి బంతి కనబడని వేళ వచ్చినను వాదము మాత్రము తెగదు.

ఎన్నో సాయంకాలములు విన్నమీదట ఈ వాదములన్నియు మూడు తెగలుగా నున్నవని మాకు తోచినది. మొదటిది నిన్నటి ఆటను బట్టి చేయు వాదము: "పోయిన మ్యాచిలో రెండు గోలులు కొట్టినవానిని ఎట్లు తీయుదురు?" రెండవది హక్కును బట్టి చేయునది: "వాడు ఆరవ తరగతి నుండి ఈ బడిలోనే యున్నాడు, వానికి ఇదే కడపటి సంవత్సరము." మూడవది పక్షమును బట్టి చేయునది. ఇది పైకి వినబడదు. కాని హాస్టలువారు హాస్టలు పిల్లవానిని, పట్టణమువారు తమ వీధి పిల్లవానిని మెచ్చుకొనుచున్నపుడు దాని గొంతు మాకు తెలియుచునే యుండును. ఈ మూడింటిలోను లేనిది యొక్కటి కలదు. రాబోవు మ్యాచిలో ఎదుటివారు ఎట్లు ఆడుదురు, వారిని ఎదుర్కొనుటకు మనకు కావలసిన పని యేది, అను ప్రశ్న. నిన్నటి ఆటకు బహుమాన మీయవచ్చును, ఏండ్ల సేవకు సన్మానము చేయవచ్చును, వీధివానిని ప్రేమింపవచ్చును. జట్టు కూర్చుట మాత్రము రేపటి పనికి మనుష్యులను వెదకుటయే.

చెట్టు క్రింది వారికి అంతటి నిశ్చయ మేల కలుగుచున్నదో కూడ చెప్పవలెను. డ్రిల్లు మాష్టరుగారు నిలిపిన జట్టు మైదానములోనికి దిగును. అది గెలువవచ్చును, ఓడవచ్చును. చెట్టు క్రింద కూర్చిన జట్టు ఎన్నడును మైదానములోనికి దిగదు. ఆడని జట్టునకు ఓటమి లేదు. అందుచేతనే దాని నిర్మాతలు ఏటేట మరింత ధైర్యవంతు లగుచుందురు.

ఈ సంవత్సరపు వాదము గోలుకీపరును గూర్చినది. లీగులో కడపటి మ్యాచి మిగిలియున్నది. ఎదుటి జట్టువారు పొడగరులు. కార్నరు కిక్కులు కొట్టి, బంతిని గోలు ముందర ఎత్తుగా పడవేసి, తలలతో లోనికి నెట్టుట వారి పద్ధతి. మా జట్టులో అంతవరకు గోలు కాచినవాడు పదవ తరగతి బాలుడు. పొట్టివాడు. కాని పిల్లివలె దుముకును. నేలబారుగా వచ్చు బంతి వాని చేతులు దాటి పోవుట అరుదు. మరియొకడు తొమ్మిదవ తరగతివాడు. చేయి చాచిన గోలుకమ్మి నందుకొనును. లీగు ఆరంభమున వానికి జ్వరము తగిలి మంచమెక్కుటచేత మొదటివానికి స్థానము దొరికినది. ఇప్పుడు పొడుగువాడు లేచి తిరుగుచున్నాడు. ఎవని నిలుపవలెను?

నాలుగు సాయంకాలములు దీనితోనే గడచినవి. "గెలుస్తున్న జట్టును కదిలించరాదు" అని కొందరు. "గాలిలో వచ్చే బంతికి చేతులు అందాలి గదా" అని కొందరు. నాలుగవ సాయంకాలము ఒక తండ్రి నవ్వుచు, "ఆ పొట్టివాణ్ణి నిలబెడితే ఇంటి తలుపు తీసిపెట్టి దొంగను పిలిచినట్టే" అనెను. అందరును నవ్విరి. ఆ నవ్వు సగములో ఆగిపోయెను. చెట్టునకు ఆవల, కుళాయి వద్ద, పదవ తరగతి బాలుడు కూర్చుండి బంతులకు పట్టిన బురద కడుగుచుండెను. వాడు తల యెత్తలేదు. కడిగిన బంతిని వలసంచిలో వేసి, మరియొక దానిని చేతిలోనికి తీసికొనెను.

అచ్చట నున్నవారికి మరియొక సంగతియు తెలియును. ఆ బాలుని తండ్రి ఎవరో కాదు, హాస్టలు వంటవాడు. ప్రతి సంవత్సరము అందరికంటె గట్టిగా వాదించువాడు, ఆ వారము మొదటినుండి నోరు మెదపలేదు. ఆ సాయంకాలము మాత్రము మావైపు తిరిగి మెల్లగా నిట్లనెను: "నా కొడుకని చెప్పటం కాదు, అయ్యగారూ. ఆ బాబు పొడుగే. కాని గంజి మాని అన్నము తిని నాలుగు రోజులే అయింది. గంటసేపు ఎండలో నిలువగలడా అని నా భయము." నాలుగు దినముల వాదములో ఎదుటి పక్షపు బాలుని మేలు కోరి పలికిన మాట మాకు వినబడినది ఇదియొక్కటే. ఆ గంజి కాచి యిచ్చినవాడును ఆయనయే.

ఆ రాత్రి మాకు హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీముగారు జ్ఞాపకమునకు వచ్చిరి. ఆయన 1909లో జన్మించిరి. వృత్తిచేత మావలె బడిపంతులు. 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను. భారతదేశపు జట్టు ఆయన చేతిక్రింద 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. 2024లో వచ్చిన 'మైదాన్' అను హిందీ చలనచిత్రము ఆయన కథయే యగుటచేత మా విద్యార్థులలో పలువురు ఆయన పేరు వినియుందురు.

1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా చేతిలో 2-0 గోలులతో ఓడెను. పిమ్మట థాయిలాండును, జపానును గెలిచెను. ఇంతలో రక్షణ పంక్తికి స్తంభమువంటి జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడెను. చెట్టు క్రింద సభ జరిగియున్న యెడల, "గాయపడినవానిని కూర్చుండబెట్టుడు" అని సగము మంది, "వెనుక ఆడువాడు వెనుకనే ఆడవలెను" అని సగము మంది పలికియుందురు. రహీముగారు ఈ రెండును చేయలేదు. ఆయనను ముందునకు తెచ్చి గోలు కొట్టు స్థానమున నిలిపిరి. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై మనవారు 3-2 గోలులతో గెలిచిరి. అందొక గోలు జర్నైల్ సింగుది. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలులో మరల దక్షిణ కొరియా ఎదురైనది. పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగు ఒకటి కొట్టగా మనవారు 2-1 గోలులతో గెలిచిరి.

మా కథకు దగ్గరగా నున్నది గోలుకీపరు సంగతి. సెమీఫైనలులో గోలు కాచినవాడు ప్రద్యోత్ బర్మన్. గెలిచి వచ్చినవాడు. అయినను ఫైనలునకు రహీముగారు, జ్వరమునుండి కోలుకొన్న పీటర్ తంగరాజును నిలిపిరి. తంగరాజు ఆరడుగులకు మించిన పొడగరి. కొరియావారు ఎత్తుగా కొట్టు బంతులకు ఆ పొడవు కావలసి వచ్చెనని చెప్పుదురు. ఈ మార్పులో బర్మనునందు దోషము వెదకుట లేదు, తంగరాజునకు బహుమానము నిచ్చుట లేదు. ఆ దినపు పనికి తగిన మనుష్యుని చూచుట మాత్రమే కలదు. అప్పటికే రహీముగారి దేహమును క్యాన్సరు వ్యాధి పట్టియుండెను. మరుసటి సంవత్సరము, 1963 జూను 11వ తేదీన, ఆయన పరమపదించిరి. కోలుకొనని దేహముతో అట్టి నిర్ణయములు చేసి, వాని భారమును ఇతరులపై వేయక తామే మోసిరి.

ఆ ఫైనలును గూర్చి చెప్పుకొనువారు గోలులు కొట్టినవారిని తలంతురు. మా మనస్సు మాత్రము ఆ దినమున గోలు వద్ద నిలువని బర్మనుమీదికి పోవును. ఫైనలునకు జట్టును చేర్చినవారిలో ఆయనయు నొకడు. పదునొకండుగురను ఎన్నుట యనగా తక్కినవారిని వెలుపల నుంచుట యని మనము మరతుము. పూర్వము ఈ వేర్పాటు మరింత కఠినముగా నుండెడిది. ప్రపంచ కప్పు పోటీలలో ఆట మధ్య ఒకరికి బదులు మరియొకరిని పంపు వీలు 1970లో గాని కలుగలేదు. నేడు పెద్ద పోటీలలో అయిదుగురి వరకు మార్చుకొనవచ్చును. అయినను గోలుకీపరు బెంచీపై కూర్చుండిన, చాల సార్లు ఆట ముగియు వరకు కూర్చుండవలసినదే.

మా డ్రిల్లు మాష్టరుగారు చెట్టు క్రిందికి రాలేదు. మిషను ఆసుపత్రి డాక్టరమ్మగారిచేత పొడుగు బాలుని పరీక్ష చేయించి, ఆడవచ్చునని ఆమె చెప్పిన పిదప, పదవ తరగతి బాలుని తమ గదికి పిలిపించి తలుపు మూసికొని మాటలాడిరి. ఏమి చెప్పిరో మేమడుగలేదు. మరునాటి యుదయము నోటీసు బోర్డుపై పట్టిక పడెను. గోలుకీపరుగా పొడుగు బాలుని పేరున్నది. చెట్టు క్రిందివారు తెలిసికొనుటకు ముందే తెలియవలసినవానికి తెలిసియుండెను. ఇది మాకు మిక్కిలి మెచ్చదగినదిగా కనబడెను.

ఆ సాయంకాలము పదవ తరగతి బాలుడు వలసంచి భుజమున వేసికొని మైదానములోనికి వచ్చెను. కార్నరు జెండా వద్ద బంతిని పెట్టి, పొడుగువానిని గోలులో నిలువుమని కేక వేసి, ఎత్తుగా ఒక బంతి కొట్టెను. తరువాత మరియొకటి. "ముందే గెంతకు, బంతి దిగేదాకా ఆగు" అని చెప్పుచు చీకటి పడు వరకు కొట్టుచునే యుండెను. ఆ వారమంతయు పొడుగు బాలుని కంచములో ఒక గ్రుడ్డు అధికముగా పడుచున్నదని హాస్టలు పిల్లలు చెప్పుకొనిరి. వంటవానిని అడుగగా, "జ్వరము పడిన ఒళ్లు గదండీ" అని మాత్రమనెను.

సమూయేలు మొదటి గ్రంథము ముప్పదియవ అధ్యాయమున, దావీదు అమాలేకీయులను తరిమినపుడు అలసిపోయి బెసోరు వాగు వద్ద సామాను కాచుచు నిలిచిన ఇన్నూరుమంది కథ కలదు. యుద్ధమునకు పోయినవారిలో కొందరు వారికి భాగ మీయరాదనిరి. దావీదు ఒప్పుకొనక, పోరాడినవారికిని సామాను కాచినవారికిని సమభాగ మని కట్టడ చేసెను. బంతులు కడుగువానిని, నీళ్లు మోయువానిని, తన స్థానమున నిలిచినవానికి తానే శిక్షణ నిచ్చువానిని చూచునపుడెల్ల ఈ కట్టడ మా తలంపునకు వచ్చును.

చెట్టు క్రింది సభను మానివేయుడని మేము చెప్పము. ఆటపై ప్రేమ లేనిచోట వాదము పుట్టదు. వాదము లేని మైదానము పాడుబడిన మైదానమే. రెండు నియమములు మాత్రము కోరుచున్నాము. ఏ బాలుని గూర్చి మాటలాడినను, వాడు చెట్టునకు ఆవల కూర్చుండి వినుచున్నాడనుకొని మాటలాడుడు. పట్టిక పడిన తరువాత, మీరు కూర్చిన జట్టును ఇంటివద్ద విడిచి, మైదానములో నున్న జట్టు కొరకు కేకలు వేయుడు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చునప్పటికి ఆ మ్యాచి ఫలితము మీకు తెలిసియే యుండును. గెలిచిన యెడల ఎన్నిక సరియైనదని, ఓడిన యెడల తప్పని కొంద రందురు. పొట్టి బాలుడు నిలిచియున్న ఏమి జరిగియుండెడిదో చూచినవాడు లేడు గనుక ఆ తీర్పునకు ఆధారము లేదు. ఆ సాయంకాలము కార్నరు జెండా వద్దనుండి ఎత్తుగా లేచిన బంతులను మాత్రము మేము కన్నులార చూచితిమి.