ద్రాక్షపందిరి లేని ఊరు

గత మాసమున నొక ఆదివారమునాడు మేము ఉప్పలు, నాచారము గ్రామములలోని బంధువులను చూడబోయితిమి. గ్రామములని పూర్వపు టలవాటుచేత వ్రాసితిమి గాని, నేడవి హైదరాబాదు నగరమున కలిసిపోయినవి. 2017లో వచ్చిన మెట్రో రైలు ఉప్పలు కూడలి మీదుగా ఎత్తైన స్తంభములపై పోవుచున్నది. నాచారమున యంత్రశాలల చప్పుడే తెల్లవారుజామున కోడికూత.

ఒకప్పుడీ తూర్పు పొలములు ద్రాక్షతోటలకు పేరుపడినవి. మన లాక్షణికులు మధురమైన కవిత్వమునకు ద్రాక్షాపాకమని పేరిడిరి. చిన్ననాట పుస్తకమున నా మాట చదివినది మొదలు, పందిరినుండి వ్రేలాడు గుత్తులను కన్నులార చూడవలెనని మాకు కోరిక. ఉప్పలునుండి నాచారము దాక దారి కిరువైపుల వెదకితిమి. ఒక్క తీగయైన కానరాలేదు.

నాచారమున మా బంధువుల యింటి కిటికీలో నొక ముదురురంగు సీసాయు, దానినుండి ప్రాకిన మనీప్లాంటు తీగయు కనబడినవి. సీసాపై నొక మేడ బొమ్మ, షాటో ఓబ్రియోన్ అను పేరు, 1961 అను సంవత్సరము గలవు. అది ఫ్రాన్సు దేశపు ఎర్రని ద్రాక్షసారా సీసా. ఆ యింటి అల్లుడు వింత వస్తువని ఖాళీసీసాను తెచ్చెనట. మద్యము మాకు నిషిద్ధమే. దాని కథ మాత్రము నిషిద్ధము కాదు గదా!

బోర్డో నగరము చెంత పెస్సాక్ అను చోట ఆ తోట గలదు. 1525లో జాన్ ద బెల్లోన్ అను కన్య పొంతాక్ వంశపు కోడలగుచు ఆ భూమిని స్త్రీధనముగా తెచ్చినది. 1855లో పారిసు ప్రదర్శన సందర్భమున ఎర్రసారాలను తరగతులుగా విభజింపగా, మొదటి తరగతికెక్కిన నాలుగు తోటలలో నిదియొకటి. ఆ నగరమును పెరిగి తోటను చుట్టుముట్టినది. అయినను ఇండ్లనడుమ సుమారు 120 ఎకరముల తోట నేటికిని నిలిచియున్నది. ఆ సారా యేండ్లకొలది నిలువయుండుటకు తొక్కలలోను గింజలలోను గల వగరే ముఖ్యాధారము. జాడీలోని ఉసిరిక నల్లపచ్చడివలె కాలము గడచినకొలది వగరు తగ్గి రుచి కుదురును. మడ్డి అడుగున దిగును.

ఉప్పలు పందిళ్ల పండు వేరు. అది అనాబ్‌-ఎ-షాహీ, అనగా రాజద్రాక్ష. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు దానిని హైదరాబాదున ప్రవేశపెట్టిరని ఉద్యానశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పండినపుడు తేనెరంగు, రసము తియ్యన, హెక్టారునకు 35 టన్నుల దాక కాయును. కాని నిలువ యుండదు. కోసిన కొద్ది దినములలో తినవలసినదే.

ఆ యింటి అవ్వకు ఎనుబదియైదేండ్లు. సీసాపై సంవత్సరమును చదివి వినిపింపగా నామె నవ్వి, “ఆ యేడే నా లగ్గమైంది బిడ్డా” అనెను. తండ్రి ఆమెకు రెండెకరముల ద్రాక్షతోటను పసుపుకుంకుమ క్రింద ఇచ్చెనట. చీకటితోనే గుత్తులు కోసి, గంపలలో ఆకులు పరచి, ఎండ రాకమునుపే నగరమునకు పంపెడిదట. పిమ్మట తోట ప్లాట్లుగా అమ్ముడుపోయినది.

అమ్మినందులకు విచారము లేదా యని అడిగితిమి. “అమ్మకుంటె ఇద్దరు బిడ్డల లగ్గాలు ఎట్లయితుండె? గని పట్టా మీ తాత పేర ఉండె. అమ్మేనాడు నన్నెవ్వరు అడగలే” అని అవ్వ సీసాలో నీరు పోసెను.

సోదరీమణులారా! అయిదు వందల యేండ్లనాటి పరదేశపు కన్య తెచ్చిన భూమి యేదో లోకమునకు తెలియును. అది ఆమె స్త్రీధనమని వ్రాతలో నిలిచియుండుటయే కారణము. అవ్వ భూమి నోటిమాటయై పోయినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణహక్కు నిచ్చినది. కాని కాగితమున పేరు లేనిదే ఆ హక్కును నిలుపుకొనుట కష్టము. మీ కుమార్తెకు గజము భూమి ఇచ్చినను ఆమె పేరనే వ్రాయించుడు. ఉంచుకొనుటయో అమ్ముకొనుటయో పిమ్మట ఆమెయే నిశ్చయించుకొనును.