నెలనెలా మందు

‘‘కడుపుల బల్ల పెరిగింది సారూ’’ అంటూ వచ్చాడు రఘునాథపల్లి దగ్గరి పత్తి రైతు ఒకాయన. పడుకోబెట్టి చూస్తే ప్లీహం ఎడమ డొక్క నుంచి బొడ్డు దాకా దిగి ఉంది. రక్తంలో తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్తక్యాన్సర్ అన్న అనుమానంతో హైదరాబాదు పంపాను. అదే తేలింది.

అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు. 2001లో అమెరికాలో అనుమతి పొందిన గ్లివెక్ అనే మందు ఈ జబ్బు తీరునే మార్చేసింది. కానీ అప్పట్లో నెలకు లక్షా ఇరవై వేల దాకా ధర. ఎకరం అమ్మినా ఎన్ని నెలలొస్తుంది? అయితే ఆ మందు తయారుచేసే నోవార్టిస్, మ్యాక్స్ ఫౌండేషన్‌తో కలిసి 2002 నుంచి మన దేశంలో పేదలకు దాన్ని ఉచితంగా ఇస్తూ వచ్చింది. కాగితాలన్నీ పెట్టాక ఈయనకూ దొరికింది. కొన్ని నెలలకు నా చేతికి ప్లీహం తగల్లేదు. ఆయన మళ్లీ చేనుకు పోయాడు. ఆ సాయం ఒక ప్రాణం నిలిపింది, అందులో సందేహం లేదు.

చిక్కల్లా పత్తి ఏరే రోజుల్లో వచ్చింది. మందు కోసం హైదరాబాదు పోవాలంటే కూలి, రైలు చార్జీ, తోడు మనిషి. ‘‘మంచిగనే ఉన్న గద సారూ, ఒక్క నెల ఆపితే ఏమైతది?’’ అన్నాడు. ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పాను: మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టొచ్చు, ఆ తర్వాత అదే మందుకు లొంగకపోవచ్చు. బిళ్ల ఉచితమే, దాని దాకా పోయే దారి ఉచితం కాదు.

ఉచితం ఇచ్చేవాళ్ల ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ధర తగ్గితే అడగకుండానే అందరికీ అందుతుంది. మన హైదరాబాదు మందుల కంపెనీ నాట్కో, గ్లివెక్‌లో ఉండే మందు ఇమాటినిబ్‌నే 2003లో దాదాపు పదో వంతు ధరకే తెచ్చింది. గ్లివెక్ పేటెంటు వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ వాదన తోసిపుచ్చడంతో ఇలాంటి చవక మందుకు అడ్డు లేకపోయింది. అంతకు ఏడాది ముందు బేయర్ వారి కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ మందు నెక్సవార్‌కు నెలకు 2.8 లక్షలుండగా, కంపల్సరీ లైసెన్సుతో (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా వేరే కంపెనీ తయారుచేసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) నాట్కో 8,880కే ఇవ్వగలిగింది. పేదలకు తామూ సాయం చేస్తున్నామని బేయర్ చెప్పినా లైసెన్సు ఆగలేదు. అది సరైన నిర్ణయమే.

ఖరీదైన మందు రాస్తే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: దీనికి జనరిక్ ఉందా, ఆరోగ్యశ్రీలో వస్తుందా, కంపెనీ సాయం ఏదైనా ఉందా? అడగడానికి మొహమాటపడకండి. మందు దొరకడం కష్టమైతే మానేయకముందే మా దగ్గరికి రండి.