లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు

మా గరాజ్‌లో 1972 నాటి ఎంజీబీ ఉంది. రెండు సీట్లు, మడిచే టాపు, ముదురాకుపచ్చ రంగు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఏబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన స్పోర్ట్స్ కారు ఇది. నేనుండేది అక్కడికి గంట దూరం. మొన్న నవంబరులో ఒక ఆదివారం పొద్దున తాళం తిప్పితే 'టక్' మంది. సెల్ఫ్ బరువుగా మూలిగి ఆగిపోయింది.

పక్కింటాయన తొంగిచూసి బ్యాటరీ పోయిందన్నాడు. చలికాలంలో ఎవరైనా ముందు అనే మాట అదే. ఈ బండికి సీట్ల వెనక, నేల కింద, ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. మార్చాలంటే డబ్బు సంగతి అలా ఉంచి, నడుం విరుగుతుంది. నేను తొందరపడలేదు. ఈ ఇంజన్ నాకు చిన్నప్పుడే పరిచయం.

మా నాన్న విజయవాడలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒక కడుపున పుట్టినవే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి సిరీస్'. బానెట్ ఎత్తితే ఇప్పటికీ నాకు ఆటోనగర్ గుర్తొస్తుంది. అక్కడి మేస్త్రి మాట ఒకటి మరిచిపోలేదు: "ముందు చెవి పెట్టు బాబూ. తర్వాత లైట్లు వేసి సెల్ఫ్ కొట్టు. పానా ఆఖర్న."

చెవి పెట్టాను. తాళం సగం తిప్పగానే వెనక చక్రం దగ్గరి పెట్రోలు పంపు టకటక కొట్టుకుని, కార్బొరేటర్లు నిండాక ఊరుకుంది. పెట్రోలుకు లోటు లేదు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాను. బ్యాటరీ నీరసిస్తే లైట్లు ఎర్రబడాలి. గోడ మీద వెలుగు చెక్కుచెదరలేదు. బ్యాటరీలో ప్రాణం ఉంది. ఆ కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లే దారో, తిరిగొచ్చే దారో తెగింది.

ఏ దారో చోకు చెప్పింది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక దాని తీగ చేతికి వెచ్చగా తగిలింది. అంత చలిలో చోకు తీగ వేడెక్కడమేమిటి? ఇంజన్ కూర్చునేది రబ్బరు దిమ్మెల మీద. రబ్బరు కరెంటును పోనివ్వదు కనక ఇంజన్‌కూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు, అదే ఎర్త్. అది చెడితే సెల్ఫ్ కరెంటు సన్నని చోకు తీగ పట్టుకుని తిరిగి రావాలని చూస్తుంది. ఇంకాసేపు కొట్టి ఉంటే తీగ మాడిపోయేదే.

మీటరు ఒక ముల్లు ఇంజన్‌కు, రెండోది బాడీకి ఆనించి, మా ఆవిడను తాళం తిప్పమన్నాను. సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట 5 వోల్టులు! జంపర్ కేబుల్‌తో ఆ రెండింటినీ కలిపి మళ్లీ తిప్పితే ఇంజన్ మొదటి చుట్టుకే అందుకుంది. ఆ చప్పుడు వినగానే నాన్న టాక్సీ ఇంటి ముందు ఆగినట్టే అనిపించింది.

పట్టీ బోల్టు కింద తుప్పు పేరుకుని ఉంది. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ బిగించాను. బ్యాటరీలు ఆ పాతవే.

మీ ఇంట్లో పాత బండి మొరాయిస్తే, కొత్త బ్యాటరీకి డబ్బు కట్టేముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, లైట్లు వేసి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టి గోడకేసి చూడండి.