పొలం వదలని పాత బండ్లు

ఖమ్మం జిల్లా మధిర వైపు పల్లెల్లో పెరిగినవాళ్ళు ట్రాక్టరును కళ్ళతో చూడాల్సిన పనిలేదు, చెవిన పడితే చాలు. చెరువు కట్ట అవతల నుంచి ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తే అది ఐషర్. మూడు సిలిండర్లూ కలిసి ఒకే గొంతుతో బరువుగా సాగితే మాసీ. ఆ రెంటికీ మధ్యగా, ఉండుండి ఎగదన్నుతూ పలికితే జీటర్. కొత్త బండ్లు ఏ కంపెనీవైనా నా చెవికి ఇంచుమించు ఒకేలా మెత్తగా పోతాయి. తెల్లవారుజామున ఎక్కడో పాత మాసీ స్టార్టయిన చప్పుడు వింటే మాత్రం నాకు ఈనాటికీ ప్రాణం లేచొస్తుంది. ఎవరి బండి, ఎటు పోతోంది, వెనక గొర్రు ఉందా ట్రక్కు ఉందా అని మనసు దాని వెంట పడుతుంది.

ఇంగ్లండులో పాత ట్రాక్టర్లను ముద్దుగా బాగుచేసి, రంగులేసి, తిరునాళ్ళలాంటి ప్రదర్శనలకు తోలుకుపోతారు. చూడముచ్చటైన పనే. మనవైపు పాత బండికి ఆ తీరిక లేదు. నల్లరేగడిలో పెద్ద దుక్కులకీ, రోటావేటరు తిప్పడానికీ 45, 50 హార్స్‌పవర్ల కొత్త బండ్లు వచ్చాయి కానీ, మిగతా పనంతా ఇంకా పాతవాటి మీదే నడుస్తోంది. పత్తి ఏరాక మోళ్ళు తీసిన చేలో గొర్రు తోలాలన్నా, మిర్చి బస్తాలు కల్లం నుంచి ఇంటికి చేరాలన్నా, పెళ్ళింటికి నీళ్ళ ట్యాంకరు రావాలన్నా, మొక్కజొన్న కంకులు ఒలిచే మిషన్ తిరగాలన్నా ఊళ్ళో కబురందేది పాత బండి ఆసామికే. కిరాయి తక్కువ, డీజిలు తక్కువ, పిలిస్తే పలుకుతుంది.

ఈ నేలకు ట్రాక్టరు ఊరికే రాలేదు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరున్న ఎడమ కాలువ నీళ్ళు ఖమ్మం జిల్లాలోకి వచ్చాక, వానను నమ్ముకుని జొన్న, పెసర వేసుకునే చేలలో వరి మడులు లేచాయి. వరి అంటే దమ్ము. కాలువ వదిలిన నాలుగు రోజుల్లో ఊరంతా ఒక్కసారే దమ్ము చేయాలి, ఊరంతా ఒక్కసారే నాటు వేయాలి. ఎంత మంచి ఒంగోలు జతయినా ఎన్ని ఎకరాలు తొక్కగలదు? ఆ తొందరలోనే ఇనుప చక్రాలు కట్టిన ట్రాక్టర్లు మడుల్లోకి దిగాయి. భూమి తనఖా బ్యాంకుల్లో పొలం కాగితాలు పెట్టి బండి తెచ్చుకున్న రైతులు ఆ రోజుల్లో జిల్లాకు కొత్త తరం. ఆ అప్పు తీరేదాకా ఇంట్లో పండక్కి కొత్త బట్టలు లేవని చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు.

దేశంలోనూ అప్పుడే ట్రాక్టరు నడక నేర్చుకుంటోంది. 1959లో ఫరీదాబాదులో జర్మనీ సాంకేతికతతో ఐషర్ తొలి బండి బయటికొచ్చింది. మరుసటి ఏడాదే మద్రాసులో టాఫే పుట్టింది, మాసీ ఫెర్గుసన్‌తో చేయి కలిపింది. 1961-62లో దేశం మొత్తం మీద తయారైన ట్రాక్టర్లు 880. ఇప్పుడు ఏటా 9, 10 లక్షలు తయారవుతున్నాయి. మధ్యలో 1971లో చెకోస్లొవేకియా జీటర్ నమూనాతో హెచ్ఎంటీ పింజోరులో మొదలెట్టింది, 1974లో మన ఇంజనీర్లు సొంతంగా గీసుకున్న స్వరాజ్ వచ్చింది. మహీంద్రా 275 సంగతి సరేసరి, అది లేని ఊరు లేదు. ప్రతి కంపెనీకీ మన ఊళ్ళలో ఒక కులదైవమంత భక్తి ఉంది. మాసీ ఇంటివాళ్ళు మహీంద్రా కొనరు, మహీంద్రా ఇంటివాళ్ళు మాసీ ఎక్కరు.

నేను మాసీ పక్షం. దానికి కారణం ఆ బండి వెనక భాగంలో ఉంది. ఎవరైనా కాసేపు వంగి చూడమని నా కోరిక. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. ఆ పై కడ్డీని టాప్ లింక్ అంటారు. నల్లరేగడి ఎండాకాలం రాయిలా బిగుసుకుంటుంది. దుక్కి దున్నుతుండగా నాగలి గట్టి నేలకు తగిలితే ఆ తోపుడు టాప్ లింకు గుండా ముందుకొచ్చి ఒక బలమైన స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు కదిలితే హైడ్రాలిక్ కవాటం కదులుతుంది, నాగలి వేలెడంత పైకి లేస్తుంది. లేచిన నాగలి బరువు, లాగుతున్న మట్టి బరువు వెనక చక్రాల మీద పడి అవి నేలను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. నేల మెత్తబడగానే నాగలి మళ్ళీ తన లోతుకి తాను దిగుతుంది. ఇందులో కరెంటు తీగ ఒక్కటీ లేదు. స్ప్రింగు, నూనె, ఇనుము, అంతే.

ఇది కనిపెట్టినవాడు ఐర్లండులో రైతుబిడ్డ హ్యారీ ఫెర్గుసన్. అంతకు ముందు ట్రాక్టర్లకు నాగలిని గొలుసుతో ఎడ్లబండికి కట్టినట్టే వెనక కట్టేవాళ్ళు. నాగలి మొద్దుకో బండకో తట్టుకుంటే బండి ముందు చక్రాలు గాల్లోకి లేచి నడిపేవాడి మీదే పడేది. చాలామంది చనిపోయారు. 1920ల్లో ఫెర్గుసన్ పట్టిన ఈ కిటుకును ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి ట్రాక్టరూ వాడుతోంది. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది కూడా ఫెర్గుసన్ ట్రాక్టర్ల మీదే. ఆ వంశంలో పుట్టిందే మన మాసీ 1035. ధ్రువం మంచులో నడిచిన బండికి, వైరా ఒడ్డున మిరప చేలో నడిచే బండికి చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన గర్వం చెప్పలేను.

ఐషర్ 241కి ఇంకో రకం గొప్పతనం ఉంది. ఒకటే సిలిండరు, గాలితోనే చల్లబడే ఇంజను. రేడియేటరు లేదు, నీళ్ళు పోయక్కర్లేదు, గొట్టాలు పగలవు. ఖమ్మం జిల్లా మే నెల ఎండలో ఏ బండి బుసకొట్టి ఆగినా ఐషర్ ఆగదని దాని ఆసాములు పందెం కాస్తారు. చెడిపోవడానికి దాంట్లో ఉన్న వస్తువులే తక్కువ.

చెడిపోయినా పొలం గట్టు మీదే బాగుపడటం ఈ బండ్ల అసలు బలం. డీజిలు అడుగంటేదాకా తోలితే గొట్టంలోకి గాలి దూరుతుంది, ఇక ఇంజను అందుకోదు. అప్పుడు చేసే పనిని మనవాళ్ళు గాలి తీయడం అంటారు. ట్యాంకులో డీజిలు పోస్తారు. ఫిల్టరు నెత్తిన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని పానాతో రెండు చుట్లు వదులు చేస్తారు. ఇంజను పక్కనున్న చేతి పంపును బొటనవేలితో కొడుతూ ఉంటే స్క్రూ సందులోంచి మొదట నురగ వస్తుంది. తర్వాత బుడగలు. ఆ తర్వాత బుడగ లేని నిండు ధార.

ఒక షెడ్డులో మేస్త్రి తన దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి ఇది నేర్పుతుంటే చూశాను. "ఒరేయ్, బుడగ కనపడుతుండంగా బిగించబాక. ఒక్క బుడగున్నా మళ్ళీ మొదటికొస్తది" అన్నాడు. కుర్రాడు బొటనవేలు ఎర్రబడేదాకా కొట్టాడు. ధార నిలిచింది. స్క్రూ బిగించి, నాజిల్ గొట్టాల నట్లు కొంచెం వదిలి సెల్ఫ్ కొట్టమన్నాడు మేస్త్రి. నట్ల దగ్గర డీజిలు చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చాడు. నల్లటి పొగ ఒక్కసారి ఎగిసి బండి అందుకుంది. ఆ కుర్రాడి మొహం చూడాలి! ఏ ఐటీఐ సర్టిఫికెట్టూ ఆ వెలుగునివ్వదు. ఇంజను రీబోరు, లైనర్లు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు, అన్నీ ఇలాగే చేతి నుంచి చేతికి వచ్చిన విద్యలు. వీటికి పుస్తకం లేదు.

ట్రాక్టర్ల కన్నా ముందు నుంచీ ఉన్న ఆయిల్ ఇంజన్లను మరిచిపోతే పాపం తగులుతుంది. కరెంటు మోటార్లు వచ్చాక చాలావరకు మూలపడ్డా, వాగు ఒడ్డున తీగ అందని చోట ఒకటీ అరా కనబడతాయి. లిస్టర్ రకం ఇంజనుకు రెండు వైపులా రెండు పెద్ద చక్రాలు. నిమిషానికి 650 చుట్లే తిరుగుతుంది, అంత నిదానం. పైనున్న చిన్న మీటను లేపి పట్టి, హ్యాండిల్ వేసి చక్రాన్ని తిప్పి, వేగం అందుకోగానే మీట దించాలి. దించే క్షణం చేతికి తెలియాలి. తెలిస్తే ఒక్క దెబ్బతో అందుకుని సాయంత్రం దాకా అదే తాళంతో నీళ్ళు తోడుతుంది. ఆ లిస్టర్ నమూనాను ఇంగ్లండు వదిలేశాక కూడా రాజ్‌కోట్ కార్ఖానాల్లో పోత పోస్తూనే వచ్చారు.

కొత్త యంత్రాలను తక్కువ చేయను. వరికోత మిషన్ వచ్చాక కుప్పనూర్పిళ్ళ రాత్రుల కష్టం పోయింది. ఆ నిద్రలేని రాత్రులు మళ్ళీ రావాలని ఏ రైతూ కోరుకోడు. కానీ కొత్త బండి చెడితే అది ఏమైందో చెప్పడానికి కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని రావాల్సిన రోజు దగ్గరికొస్తోంది. అమెరికాలో ఆ రోజు ఎప్పుడో వచ్చింది. అక్కడి రైతులు తమ ట్రాక్టరును తాము బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. అదే ఏడాది జాన్ డీర్ కంపెనీ అక్కడి రైతు సంఘంతో ఒప్పందం రాసుకుంది. మన మేస్త్రి పానా తీసుకుని ఎవరినీ అడక్కుండా చేసే పని కోసం అక్కడ చట్టసభలో ఓటు వేయాల్సి వచ్చింది. పాత మాసీ విలువ ఎంతో ఆ కబురు చదివాక నాకు ఇంకా బాగా తెలిసింది.

అయితే విడిభాగం దొరికినంత కాలమే బండి బతుకు. మాసీకీ ఐషర్‌కీ బెంగలేదు, విజయవాడ ఆటోనగర్ వెళితే బోల్టు నుంచి గేరు దాకా దొరుకుతాయి. మధిరలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి సరుకుతో తిరిగిరావచ్చు. జీటర్ ఆసాములకు ఆ ధీమా పోయింది. 2016లో కేంద్రం హెచ్ఎంటీ పింజోరు ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని తేల్చింది. అప్పటినుంచి ఒక బండిని బతికించడానికి ఇంకో బండిని విప్పుకుంటున్నారు, లేదంటే అరిగిన బుష్‌ను పట్టుకుని లేతు మిషన్ దగ్గరికి పోతున్నారు. లేతు మీద ఇత్తడి ముక్కను తిప్పి, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలత దించే పనివాళ్ళు ఉన్నన్నాళ్ళు జీటర్ కూడా పొలంలోకి దిగుతుంది. ఒక ప్రభుత్వ సంస్థ చేతులెత్తేసిన బండిని ఒక చిన్న షెడ్డు నడిపిస్తోందంటే ఆ పనివాడికి మనం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వడంలేదనే నా బాధ.

దసరాకి ఈ బండ్లను చూడాలి. వాగులోనో కాలువలోనో కడిగి, బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. రంగు వెలిసి, కంపెనీ అక్షరాలు సగం ఊడిన రేకు మీద ఆ పసుపు ఎంత నిండుగా ఉంటుందో! కొత్త బండికీ అదే పూజ చేస్తారు. కానీ పాత బండికి దణ్ణం పెట్టేటప్పుడు ఆ ఇంటి పెద్దాయన చేతులు ఇంకాసేపు జోడించి ఉంటాయి. ఆ బండి ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది, పిల్లల ఫీజులు కట్టింది, తెగులొచ్చి మిరప పోయిన ఏడు కిరాయిలకు తిరిగి ఇల్లు నిలబెట్టింది.

మధిరలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ఇక్కడ పుట్టిన పెసర రకాలకు ఎంజీజీ అని మన ఊరి అక్షరాలతోనే పేర్లు పెట్టి, ప్రతి రకం పుట్టుపూర్వోత్తరాలూ రాసిపెడతారు. గింజకు చేసే ఆ పని యంత్రానికీ జరగాలి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాత బండి ఉంటే దాన్ని కాటాకేసే ముందు ఒక్కసారి ఆగండి. ఏ ఏడాది కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ బ్యాంకు అప్పు, మొదట తోలింది ఎవరు, ఇంజను ఎన్నిసార్లు విప్పారు, ఇవన్నీ పెద్దవాళ్ళు ఉండగానే ఒక నోటుపుస్తకంలో రాయండి. బాగుచేసే మేస్త్రి ఉంటే ఆయన పని చేస్తుండగా ఫోనులో వీడియో తీసి ఊళ్ళో పిల్లలకు చూపించండి. బండి నడుస్తూ ఉంటే మాత్రం అమ్మకండి, నడపండి.